మోటారు సైకిలుపై ముల్లూ, దీపమూ: ఒక విమర్శ

మోటారు సైకిళ్లను తమ అభిరుచిని బట్టి మార్చుకొనేవారిలో ఈ మధ్య ఒక పోకడ బాగా వ్యాపించింది. హ్యాండిలు ముందర ఉండే గుండ్రని మీటర్లను ఊడదీసి, వాటి స్థానంలో గోరంత దీపాలు నాలుగైదు బిగిస్తున్నారు. ఆకుపచ్చది వెలిగితే గేరు న్యూట్రల్‌లో ఉన్నట్టు. ఎర్రది వెలిగితే ఇంజనులో ఆయిలు పీడనం పడిపోయినట్టు. మరొకటి వెలిగితే బ్యాటరీకి ఛార్జి అందనట్టు. బండి చూపులకు తేలికగా కనబడుతుంది. తెగిపోయే కేబులూ, పగిలే అద్దమూ ఉండవు. ఖర్చు కూడా మీటరు ధరతో పోలిస్తే స్వల్పమే.

ఇదంతా కుర్రవాళ్ల వేషమని కొట్టిపారవేయటం తేలిక. కాని పెద్ద కర్మాగారాల ఇంజనీర్లు కూడా ఇదే పని ఎన్నో ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు. కనుక దీనిని కొలతల శాస్త్రానికి చెందిన ప్రశ్నగా చూడటమే న్యాయం. ముల్లును తీసి దీపాన్ని పెట్టినప్పుడు మనకు అందే సమాచారంలో ఏది పోయింది? ఏది మిగిలింది? పోయినదాని విలువ ఎంత?

ముల్లు చరిత్ర కొంచెం పాతది. 1902లో ఒట్టో షుల్జె అనే జర్మన్ ఇంజనీరు వేగమాపకానికి పేటెంటు పొందాడు. చక్రం నుంచి వచ్చే కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ, దానికి తగలకుండా, పలుచని అల్యూమినియం గిన్నె ఉంటుంది. అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు గదా! అయినా తిరిగే అయస్కాంతం వల్ల ఆ గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి, గిన్నెను తనవెంట లాగుతవి. సన్నని స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లు సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. శతాబ్దానికి పైగా కోట్ల బండ్లలో పనిచేసిన ఏర్పాటు ఇది.

దీపం తరవాత వచ్చింది. అమెరికాలో హడ్సన్ మోటారు కార్ల సంస్థ 1930ల దశాబ్దంలో ఆయిలు పీడనానికీ, డైనమోకూ మీటర్లు తీసివేసి ఎర్రదీపాలు పెట్టింది. అక్కడి వాడుకలో వీటికి ‘మూర్ఖుల దీపాలు’ అనే ఎగతాళి పేరు వచ్చింది. మీటరు చదవటం రానివాడి కోసం పెట్టినవని ఆ ఎగతాళి భావం. ఈ పేరు సగం అన్యాయం. ఏ సగమో చూద్దాం.

ముల్లు ఇచ్చేది ఒక సంఖ్య. దీపం ఇచ్చేది ఒక తీర్పు. బాగున్నది, లేక బాగాలేదు, ఇంతే. ఆ తీర్పు ఇవ్వటానికి ఎవరో ముందుగానే ఒక గీత గీసి ఉంచారు. గీతకు ఈవల ఎంత మార్పు జరిగినా దీపం పలకదు. కనుక దీపాన్ని చూసిన ప్రతివాడూ అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ గీత ఎక్కడ గీశారు అని.

ఆయిలు పీడనాన్నే తీసుకొందాం. పంపు నెట్టిన ఆయిలు బేరింగుల సందుల్లోకి వెళ్లి, లోహాన్ని లోహానికి తగలనీయకుండా పొరగా నిలవాలి. ఇట్లాంటి ఇంజను మంచి వేగంలో ఉన్నప్పుడు పీడనం అనేక బారులు ఉంటుంది. ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనమంత. కాని ఎర్రదీపాన్ని వెలిగించే స్విచ్చి సాధారణంగా 0.3 బారు దరిదాపుల్లో గాని పనిచేయదు. అంటే నాలుగు బారులు ఉండవలసినచోట పీడనం ఒక బారుకు పడిపోయినా దీపం నిద్రపోతూనే ఉంటుంది. అది మేలుకొనే సరికి బేరింగు గీసుకుపోవటం మొదలై ఉండవచ్చు. ముల్లు ఉన్న బండిలో ఐతే, నిన్నటి కంటె ఇవాళ ముల్లు కిందుగా ఉన్నదని చూపరికి అనుమానం తగులుతుంది. ఈ అనుమానం దీపానికి రాదు.

మరి గీత అంత కిందుగా ఎందుకు గీశారు? దానికి కారణం లేకపోలేదు. ఇంజను బాగా వేడెక్కి, ఆయిలు పలుచబడి, బండి కూడలి దగ్గర ఆగి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పీడనం సహజంగానే చాలా తగ్గుతుంది. గీతను రెండు బారుల దగ్గర గీస్తే, ఆగిన ప్రతిచోటా దీపం వెలుగుతుంది. నాలుగు రోజులకు దానిని పట్టించుకొనేవాడే ఉండడు. నాన్నా పులి కథ విన్న పిల్లవాడికి కూడా ఇది తెలుసు. అసలు చిక్కేమంటే, అన్ని వేగాలకూ ఒకే గీత చాలదు. నిజానికి ఎలక్ట్రానిక్ విద్య ఉపకరించవలసింది ఇక్కడ. ఇంజను చుట్ల వేగాన్ని బట్టి గీతను జరిపే సర్క్యూట్టు నిర్మించటం ఇవాళ కష్టం కాదు. కాని ఔత్సాహికులు బిగిస్తున్న దీపాల్లో హెచ్చుభాగం పాత స్విచ్చికే కొత్త రంగు బల్బు తగిలించినవి. మీటరు పోయింది, తెలివి పెరగలేదు.

ఇంతమాత్రాన దీపాన్ని నిరసించటం తగదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. డయలు మీద ముల్లును చదవటానికి ఒక్క సెకను కళ్లు దించితే, అంత మేర రోడ్డును చూడకుండా నడిచినట్టే. ఆయిలు పీడనం ఆకస్మికంగా పడిపోయే సందర్భంలో ముల్లు నోరులేని సాక్షి, చూసినవాడికే చెబుతుంది. దీపం కంటికొస మీద పడి తానే పిలుస్తుంది. న్యూట్రల్ ఉన్నదా లేదా, పెద్ద లైటు వెలుగుతున్నదా లేదా అనేవి స్వభావం చేతనే అవును కాదు ప్రశ్నలు. వాటికి ముల్లు పెట్టటం హాస్యాస్పదం. 1969లో వచ్చిన హోండా సి.బి.750 మీద వేగానికీ, ఇంజను చుట్లకూ ముళ్లు ఉన్నవి, ఆయిలుకూ న్యూట్రల్‌కూ దీపాలు ఉన్నవి. ఈ పంపకం సబబైనది.

ఐతే దీపానికి ఒక లోపం పుట్టుకతో ఉన్నది. వెలగని దీపానికి రెండు అర్థాలు. అంతా సవ్యంగా ఉన్నదని ఒకటి. దీపమే చచ్చిందని రెండు. బల్బు ఫిలమెంటు అదురుకు తెగుతుంది, తీగ ఒరుసుకొని విడిపోతుంది. తప్పు తిరగబడి కూడా రావచ్చు. 1972 డిసెంబరు 29న ఫ్లోరిడాలో ఈస్టర్న్ ఎయిర్ లైన్స్ వారి 401వ నంబరు విమానం దిగబోతూ ఉండగా, ముందు చక్రం దిగినట్టు చూపవలసిన చిన్న దీపం వెలగలేదు. చక్రం దిగే ఉన్నది, బల్బు కాలిపోయింది. సిబ్బంది అంతా ఆ దీపం సంగతి తేల్చటంలో మునిగి ఉండగా విమానం ఎత్తు తగ్గుతూ వచ్చి చిత్తడినేలలో కూలింది. 101 మంది చనిపోయారు.

ఈ లోపానికి విరుగుడు పాతదే. తాళం తిప్పగానే ప్రతి హెచ్చరిక దీపమూ ఒకసారి వెలగాలి. ఆయిలు స్విచ్చిని ఇందుకు అనువుగానే చేశారు. ఇంజను ఆగి ఉన్నప్పుడు పీడనం లేదు గనుక స్విచ్చి కలిసి ఉంటుంది, తాళం తిప్పితే దీపం వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరుతుంది. తీగ తెగితే తాళం తిప్పినప్పుడే బయటపడుతుంది. తీగ ఒరుసుకొని బండి చట్రానికి తగిలితే దీపం ఆరనే ఆరదు, అదీ క్షేమమే. ఇప్పటి బండ్లలో బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఎ.బి.ఎస్. దీపం ఇంకొక మెట్టు పైన ఉన్నది. అది తాళంతో వెలిగి, బండి కాస్త కదిలి చక్రం దగ్గరి సెన్సరు సరిగా పలుకుతున్నదని తేలిన తరవాతనే ఆరుతుంది. సొంతంగా దీపాలు బిగించుకొనేవారు ముందుగా వదిలివేసేది ఈ పరీక్షా సౌకర్యాన్నే. నా దృష్టిలో వీరి పనిలో పెద్ద తప్పు ఇదే.

మరొక మార్గం రైల్వేలది. వెలగవలసిన సిగ్నలు దీపం ఆరి ఉంటే డ్రైవరు దానిని అపాయ సూచనగానే తీసుకోవాలి. అంటే వెలుతురు క్షేమానికి గుర్తు, చీకటి అనుమానానికి గుర్తు. మోటారు సైకిలుపై బ్యాటరీ దీపానికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. దీనిని వివరించటానికి బుల్లెట్టు బండిని మించిన ఉదాహరణ లేదు.

1955లో మద్రాసులో ఆరంభమైన ఎన్‌ఫీల్డ్ కర్మాగారం నుంచి వచ్చిన బుల్లెట్ల ముందు దీపపు గూటి మీద దశాబ్దాల తరబడి ఒక చిన్న ఆమ్మీటరు ఉండేది. మధ్యలో సున్న, ఒకవైపు కూడిక గుర్తు, మరొకవైపు తీసివేత గుర్తు. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఉండగా బ్రేకు తొక్కితే ముల్లు తీసివేత వైపు ఒరుగుతుంది, వేగం పెంచితే కూడిక వైపు వస్తుంది. విద్యుత్ పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి ఇంతకంటె మంచి ప్రదర్శన దొరకదు. మన ఊళ్లలో ఆ ముల్లు ఆటను చూస్తూ పెరిగినవారు ఇప్పటికీ ఎంతోమంది ఉన్నారు.

ఐతే ఆమ్మీటరు వరుస సంధానంలో ఉంటుంది. అంటే బ్యాటరీలోకి పోయే ప్రవాహమూ, బ్యాటరీ నుంచి దీపాలకూ హారనుకూ వచ్చే ప్రవాహమూ దాని గుండానే నడవాలి. కనుక లావుపాటి తీగ బ్యాటరీ నుంచి హ్యాండిలు దాకా వెళ్లి తిరిగి రావాలి. అదురుకు ఆ మీటరు మరలు వదులైతే బ్యాటరీకీ బండికీ సంబంధం తెగుతుంది. ఆమ్మీటరును ఊడదీసి రెండు తీగల కొసలనూ కలపకుండా వదిలినా ఇదే గతి. పైగా ముల్లు సున్న మీద నిలిస్తే బ్యాటరీ నిండినట్టా, లేక ఇచ్చిపుచ్చుకోవటాలు సరిసమానంగా ఉన్నట్టా తెలియదు. ముల్లు అయినంత మాత్రాన అన్నీ చెబుతుందనుకోరాదు.

వోల్టులను చూసే దీపం సమాంతర సంధానంలో ఉంటుంది. వెంట్రుక లాంటి తీగ చాలు, తెగినా బండి ఆగదు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండి విశ్రాంతిలో ఉంటే సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఛార్జి అందుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 వరకు ఉంటుంది. 12కు దిగితే చాలావరకు ఖర్చయినట్టు. 15 దాటితే రెగ్యులేటరు చెడి బ్యాటరీ ఉడుకుతున్నట్టు.

ఒక 11 వోల్టుల జీనరు డయోడును, ఒక ఆకుపచ్చ ఎల్.ఇ.డి.ని, 100 ఓముల నిరోధకాన్ని వరుసగా కలపండి. జీనరును తిరగేసి కలపాలి. జీనరు 11, ఎల్.ఇ.డి. సుమారు 2, మొత్తం 13 వోల్టులకు పైబడితేగాని ప్రవాహం నడవదు. 14 వోల్టుల వద్ద మిగిలిన ఒక వోల్టు 100 ఓముల మీద పడి 10 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తుంది, దీపం వెలుగుతుంది. ఇంజను ఆపితే ఆరుతుంది. మూడే మూడు వస్తువులతో ఛార్జి అందుతున్నదని చూపే దీపం తయారైంది. బల్బు చచ్చినా, తీగ తెగినా, డైనమో పోయినా ఫలితం చీకటే. ప్రతిసారీ మనిషి దిగి చూస్తాడు. (ఎల్.ఇ.డి.ని నిరోధకం లేకుండా బ్యాటరీకి కలపరాదని విద్యార్థులకు గట్టిగా చెప్పాలి. మామూలు ఎర్రదానికి 14 వోల్టుల మీద 1000 ఓములు పెడితే 12 మిల్లీ ఆంపియర్లు వస్తవి, అది చాలు.)

ఈ సులువైన సర్క్యూట్టుకు ఒక బలహీనత ఉన్నది. వోల్టులు తగ్గేకొద్దీ దీపం మెల్లగా మసకబారుతుంది. ఎండలో మసక దీపానికీ ఆరిన దీపానికీ తేడా తెలియదు. కచ్చితమైన గీత కావలిస్తే కంపరేటరు వాడాలి. ఎల్.ఎమ్.339 అనే చిన్న చిప్పులో అట్టివి నాలుగు ఉంటవి. తక్కువ, సరి, ఎక్కువ అనే మూడు స్థితులనూ మూడు దీపాలతో చూపవచ్చు. బుల్లెట్టు ఆమ్మీటరుకు బదులు ఇట్టి మూడు దీపాలు పెట్టినవాడు నష్టపోలేదని, లాభపడ్డాడని నా అభిప్రాయం. చూడటానికి ఆ ముల్లంత ముచ్చటగా ఉండదు, అది వేరే సంగతి.

పాత సర్క్యూట్టులో దీపం దీపంగానే కాక మరొక పని కూడా చేస్తూ ఉండవచ్చు. దీనిని గమనించకపోతే కష్టం వస్తుంది. 1969లో మొదలైన బి.ఎమ్.డబ్ల్యు. ఆర్75/5, దాని తోబుట్టువులైన బండ్లలో ఛార్జి హెచ్చరిక బల్బు గుండా పోయే ప్రవాహమే ఆల్టర్నేటరు తిరిగే చుట్టకు మొదటి అయస్కాంత శక్తిని ఇస్తుంది. ఆ బల్బు కాలిపోతే ఆల్టర్నేటరు మేలుకోదు. బ్యాటరీ ఖాళీ అవుతుంది. చెప్పవలసిన దీపమే చచ్చింది గనుక హెచ్చరికా ఉండదు. ఎవరైనా దాని స్థానంలో ఎల్.ఇ.డి. పెడితే అందులో నడిచేది పది ఇరవై మిల్లీ ఆంపియర్లు. బల్బు ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు. దీపం చక్కగా వెలుగుతూ ఉంటుంది గాని ఛార్జింగు మొదలుకాదు. ఎల్.ఇ.డి.కి సమాంతరంగా తగిన వాట్ల నిరోధకాన్ని కలిపితే లోటు తీరుతుంది. చిన్న బల్బును తీసే ముందు, దాని గుండా పోయే కరెంటు చివరకు ఎక్కడికి పోతున్నదో తెలుసుకోవాలన్నమాట.

మలుపు సూచించే దీపాలది మరొక వింత. చాలా పాత బండ్లలో ఎడమకూ కుడికీ కలిపి మీటరులో ఒకే చిన్న బల్బు ఉంటుంది. దాని ఒక కొస ఎడమ తీగకు, రెండవ కొస కుడి తీగకు కలిపి ఉంటవి. ఎడమవైపు నొక్కితే కరెంటు ఈ బల్బు గుండా పోయి, కుడివైపు పెద్ద బల్బుల ఫిలమెంట్ల మీదుగా చట్రానికి చేరుతుంది. ఆ స్వల్ప ప్రవాహం పెద్ద బల్బులను వెలిగించలేదు. ఎల్.ఇ.డి. ఒక దిక్కుకే దారి ఇస్తుంది గనుక, చిన్న బల్బు బదులు దానిని పెడితే ఒక మలుపుకే వెలుగుతుంది. పెద్ద బల్బులను కూడా మార్చి చిన్న బల్బును అట్లాగే ఉంచితే, ఏ వైపు నొక్కినా నాలుగూ మిణుకుతవి! వెనక వచ్చే లారీ డ్రైవరుకు ఇది ఏ మలుపో ఎట్లా తెలియాలి? రెండు తీగల నుంచీ రెండు డయోడులు తెచ్చి ఒకచోట కలిపి, అక్కడి నుంచి దీపం గుండా చట్రానికి కలపటం దీనికి మార్గం. డయోడు పాఠానికి ఇది మంచి ప్రశ్న అవుతుంది.

పెట్రోలు సంగతి మన దేశంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఎన్నో ఏళ్లపాటు మన బండ్లకు పెట్రోలు ముల్లే లేదు. ఇంజను రెండుసార్లు దగ్గితే, చేయి కిందికి పోనిచ్చి పెట్రోలు కుళాయిని తిప్పేవాళ్లం. ‘రిజర్వులో పడింది’ అనే మాట డబ్బు విషయంలో కూడా వాడేటంతగా అలవాటైంది. అది దీపం లేని హెచ్చరిక. ఇప్పటి దీపాలలో ఒక రకం థర్మిస్టరుతో పనిచేస్తుంది. పెట్రోలులో మునిగి ఉన్నంతసేపూ అది చల్లగా ఉండి కరెంటును అడ్డుతుంది. మట్టం తగ్గి బయటపడితే తన వేడిని వదులుకోలేక వేడెక్కి, నిరోధం తగ్గి దీపాన్ని వెలిగిస్తుంది. వేడెక్కటానికి కొంత సమయం పడుతుంది గనుక, గతుకుల్లో పెట్రోలు అటూ ఇటూ ఊగినా దీపం మిణకదు. ఇంత పొందికైన ఏర్పాటు ముందు ముల్లు కావాలని పట్టుబట్టటం అనవసరం.

నీటితో చల్లబడే ఇంజను ఉష్ణోగ్రతకు మాత్రం దీపం ఒక్కటే చాలదు. వేడి ఎక్కటం మెల్లగా జరిగే పని. ముల్లు ఎక్కుతూ ఉండటం ముందుగా చూసినవాడు నీరు మరగక ముందే ఆగుతాడు. అనేక బండ్లలో కర్మాగారాలే దీపంతో సరిపెట్టటం పొదుపే తప్ప విజ్ఞత కాదు.

రంగుల గురించి ఒక్క మాట. పెద్ద లైటుకు నీలం దీపం పెట్టటం ఆచారం. పూర్వం నీలి గాజు వెనక ఉన్న చిన్న బల్బు సాధువుగా వెలిగేది. ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. 1990లలో వచ్చింది, అందుకు అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. ఇంతటి ఆవిష్కారాన్ని రాత్రివేళ కళ్లకు ఎదురుగా పూర్తి కరెంటుతో వెలిగిస్తే రోడ్డు కనపడదు. ఇక్కడ నిరోధకం విలువ బాగా పెంచాలి. ఎర్రదీపం సంగతి ఇందుకు విరుద్ధం; మధ్యాహ్నపు ఎండలో కూడా కనపడాలి గనుక దానిని చిన్న గొట్టం లోపల, కొంచెం లోతుగా బిగించటం మేలు.

ఇక వేగమాపకం. దీనిని దీపంతో మార్చటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. బడి ముందర ఒక పరిమితి, ఊరి బయట ఒక పరిమితి. గీత రోడ్డు వెంట మారుతూ ఉంటే ఒక్క దీపం ఏ గీతను చూపుతుంది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా వేగాన్ని చూపే పరికరం ఉండాలని నిర్దేశిస్తున్నవి. పైగా వేగమాపకం ఊడినప్పుడు దానితోపాటు దూరం లెక్కించే అంకెలు కూడా పోతవి. ఆయిలు ఎప్పుడు మార్చాలి, గొలుసు ఎప్పుడు చూడాలి అనేది కిలోమీటర్ల లెక్క. దీపం లెక్కపెట్టలేదు.

హ్యాండిలు ముందర చోటు మిగలాలనే వారికి అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ మీటర్లు ఉన్నవి. చక్రానికి ఒక చిన్న అయస్కాంతం, ఫోర్కుకు ఒక సెన్సరు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక తట్టు. తట్ల లెక్క నుంచి దూరం, తట్ల మధ్య కాలం నుంచి వేగం. దానికి మనం చెప్పవలసింది చక్రం చుట్టుకొలత ఒక్కటే. టైరు మీద, నేల మీద సుద్దతో గీత గీసి, బండిని ఒక చుట్టు నడిపి, నేల మీద ఆ దూరాన్ని టేపుతో కొలవాలి. కొలిచేటప్పుడు మనిషి బండి మీద కూర్చుని ఉండాలి. బరువుకు టైరు కొంత అణిగి చుట్టు తగ్గుతుంది. రెండు మీటర్ల చుట్టులో నాలుగు సెంటీమీటర్లు తప్పు పోతే, వేగంలోనూ దూరంలోనూ నూటికి రెండు వంతులు తప్పు వస్తుంది.